మదర్సా విద్య: భాషాచరిత్ర దృష్టి

మదర్సాను గూర్చిన చర్చ నేడు తఱచుగా మతమునకో రాజకీయమునకో పరిమితమగుచున్నది. భాషాచరిత్రకారులు దానిని తమ విషయముగా భావించుట అరుదు. ఈ ఉపేక్ష తగదు. పారసీక విద్య శతాబ్దులపాటు తెలుగు దేశపు పాలనాభాషను తీర్చినది. కావున ఆ విద్య గరపిన బడుల చరిత్రయు తెలుగు చరిత్రలో భాగమే.

'దర్స్' అనగా పాఠము. పాఠము చెప్పు స్థలము మదర్సా. 11వ శతాబ్దిలో సెల్జూకు మంత్రి నిజాముల్ ముల్క్ బాగ్దాదున నెలకొల్పిన నిజామియా మిక్కిలి ప్రసిద్ధము. దక్కనులో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ 1472లో బీదరున కట్టించిన మదర్సా శిథిలమై నేటికిని నిలిచియున్నది. 18వ శతాబ్దిలో లక్నోయందు ముల్లా నిజాముద్దీన్ కూర్చిన పాఠ్యక్రమము 'దర్సె నిజామీ' పేర దేశమంతట వ్యాపించెను. అందలి సర్ఫ్, నహ్వ్ అనునవి వ్యాకరణము, మంతిఖ్ తర్కము, బలాగత్ అలంకారశాస్త్రము, ఫిఖ్ ధర్మశాస్త్రము. సంస్కృత పాఠశాలల నెఱిగినవారికి ఈ క్రమము క్రొత్త కాదు. రెండింటను వ్యాకరణమే తొలిమెట్టు. గురుముఖమున చదువుటయే పద్ధతి.

మదరాసు గవర్నరు మన్రో 1822లో పాఠశాలల వివరములు కోరగా, బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ 1823లో నివేదిక పంపెను. తెలుగు వ్యాకరణము రచించిన క్యాంబెల్ ఇతడే. ఆతని లెక్కలో మొత్తము 533 బడులు: కన్నడము 235, తెలుగు 226, మరాఠీ 23, పారసీకము 21, తమిళము 4, ఇంగ్లీషు 1; ఇవిగాక బ్రాహ్మణుల శాస్త్రపాఠశాలలు 23. పారసీకపు బడి నాటి విద్యావ్యవస్థలో ఒక శాఖయే కాని వేఱొక లోకము కాదు. పారసీకము కచేరీ భాషగా నున్నంతకాలము ఆ విద్య కొలువునకు ద్వారము. హిందువులును దాని నభ్యసించిరి. దస్తావేజు, వసూలు, జమాబంది, వకీలు, తారీఖు వంటి మాటలు తెలుగున స్థిరపడుటకు ఈ కచేరీ వ్రాతయే ముఖ్యకారణము. బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించుటకు ప్రేరకము ఇట్టి పదసంపదయే.

1837 చట్టముతో కంపెనీ కచేరీలలో పారసీకము తొలగెను. హైదరాబాదు రాజ్యమున 1880 దశకములో ఉర్దూ దాని స్థానము నాక్రమించెను. ఆ విద్య జీవనోపాధిని కోల్పోగా ఇతరులు దానిని విడిచిరి. మదర్సా ప్రధానముగా మతవిద్యకు నిలయమయ్యెను. 1866లో దేవబందు దారుల్ ఉలూమ్, 1876లో హైదరాబాదు జామియా నిజామియా ఈ సంధికాలమున పుట్టినవే. మదర్సా ఆదినుండియు సంకుచితమనువారు ఈ మార్పును గమనింపవలెను.

దాని సాంఘికసేవయు స్వల్పము కాదు. జకాతుతోను విరాళములతోను నడచు మదర్సాలు పేదపిల్లలకు చదువుతోపాటు కూడు, నీడ కల్పించుచున్నవి. ముస్లిము బాలలందఱును అచటనే చదువుదురనుట మాత్రము అపోహ. బడియీడు ముస్లిము బాలలలో మదర్సాకు పోవువారు 4 శాతమునకు మించరని 2006 నాటి సచార్ సంఘము తెలిపెను. ఉదయసాయంకాలములందు ఖురాను చదువు నేర్పు మక్తబు వేఱు, పూర్తికాలపు మదర్సా వేఱు అని ఆ సంఘమే విశదీకరించెను.

ఐనను ఒక లోపము పూరింపదగియున్నది. శాస్త్రము అరబ్బీలో, బోధన ఉర్దూలో జరుగగా ఊరి వ్యవహారమంతయు తెలుగున నడచుచున్నది. తెలుగు వ్రాయనేరని పట్టభద్రుడు తన పొరుగువానికే పరాయివాడగును. బడిభాష వేఱై చిక్కు కలుగుట మదర్సాకే ప్రత్యేకము కాదు. బస్తరులో తోంగ్‌పాల్ ప్రాంతపు ధుర్వా బాలునకు ఇంటిమాట ద్రావిడభాష, బడిమాట హిందీ. బరో, భట్టాచార్యలు 1953లో పర్జీ పేర వర్ణించినది ఈ ధుర్వా భాషనే. ఆ బాలునిపై మనకు గల సానుభూతి మదర్సా బాలునకును చెందవలెను.

కావున తెలుగు శాఖలు చేయవలసినవి రెండు. మదర్సాలలో తెలుగు బోధనకు తగిన వాచకములను అచటి బోధకులతో కలిసి సిద్ధము చేయుట యొకటి. పారసీకము నేర్చిన తెలుగు పరిశోధకులను తయారుచేసి, కరణాల లెక్కలను, ఫర్మానాలను చదివించుట రెండవది. మొదటిది వారికి మన ఋణము. రెండవది మనకే అవసరము. పారసీకము చదువగల తెలుగు పండితులు అరుదైన కొలది మన పాలనాభాషాచరిత్రలో కొన్ని పుటలు మూతపడుచునే యుండును.