సబర్ వేరు, హక్కు వదులుకోవడం వేరు

మన సమాజంలో ‘సబర్’ అన్న మాటకు ఎంతో గౌరవం ఉంది. ఆపదలో నిబ్బరాన్నీ, లేమిలో ఆత్మాభిమానాన్నీ నేర్పిన మాట అది. ఇటీవలి కాలంలో ఆ మాటను కొందరు తమ చేతగానితనానికి పరదాగా వాడుకుంటున్నారు. హజ్ విమానం గంటల తరబడి ఆలస్యమైనా, బయలుదేరే కేంద్రం చివరి ఘడియలో మారినా, ఇహ్రామ్ ధరించిన వృద్ధులు నేలమీద కూర్చోవలసి వచ్చినా వినిపించే జవాబు ఒక్కటే: “ఇది ఇబాదత్ ప్రయాణం, ఓర్చుకోండి.” ఈ జవాబును మేము అంగీకరించము. అల్లాహ్ పెట్టే పరీక్షకు సబర్ చూపడం విశ్వాసి ధర్మం. డబ్బు పుచ్చుకున్న సంస్థ తన మాట నిలుపుకోకపోతే నోరు మూసుకోవడం సబర్ కాదు. ఒప్పందాన్ని నెరవేర్చమనడం కూడా మన దీన్‌లో ఆజ్ఞే.

నంబులపూలకుంట వంటి మండలం నుంచి ఈ ప్రశ్నను చూస్తే దాని బరువు తెలుస్తుంది. శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి అవతల, వానలు మొహం చాటేసే నేల ఇది. వేరుశనగ పంటను నమ్ముకున్న రైతులు, చిన్న దుకాణదారులు, కువైట్, సౌదీలకు కూలికి వెళ్ళినవారి కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. వేల ఎకరాల్లో సౌర ఫలకాలు పరచుకున్న తరువాత ఈ ఊరి పేరు దేశమంతటా వినిపించింది గాని, ఊరి ముసలివారి హజ్ ప్రయాణం మాత్రం సులువు కాలేదు. ఇక్కడి యాత్రికుడు కదిరి మీదుగా బెంగళూరు చేరాలి, లేదా హైదరాబాదుకు పోవాలి, లేదా రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణించి విజయవాడ చేరాలి. మన జిల్లా కేంద్రం పుట్టపర్తిలో 1990లో ప్రారంభమైన విమానాశ్రయం ఉన్నా అది ట్రస్టు ఆధీనంలోనిది. ప్రత్యేక సందర్భాలలో ప్రత్యేక విమానాలు దిగుతాయే తప్ప సామాన్యుడు టికెట్టు కొని ఎక్కే సర్వీసులు అక్కడ లేవు.

విజయవాడ, అంటే గన్నవరం, హజ్ విషయంలో ఋతువును బట్టి తెరుచుకునే విమానాశ్రయం. 2023లో తొలిసారి అక్కడి నుంచి హజ్ విమానాలు నడిచాయి. ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే ఆ ద్వారం తెరుచుకుంటుంది. ఢిల్లీ, ముంబై వంటి చోట ఒక విమానం రద్దయితే సాయంత్రానికి మరొకటి దొరుకుతుంది. ఋతువును బట్టి నడిచే కేంద్రంలో ‘తరువాతి విమానం’ అన్నదే ఉండకపోవచ్చు. కనుక ఆలస్యం వల్ల కలిగే నష్టం పెద్ద విమానాశ్రయంలో కన్నా ఇక్కడే ఎక్కువ. మన దేశపు నిబంధనలు మాత్రం ఈ తేడాను గుర్తించవు.

ధర మాటకు వస్తే, మనం తక్కువేమీ చెల్లించడం లేదు. 2023లో హైదరాబాదు నుంచి వెళ్ళే యాత్రికుడికి సుమారు 3.05 లక్షల రూపాయలు ఖర్చు కాగా, విజయవాడ నుంచి అది 3.88 లక్షలైంది. ఒకే రాష్ట్రపు యాత్రికులు, ఒకే గమ్యం, తేడా 83 వేలు! రాష్ట్ర ప్రభుత్వం 1,813 మందికి తలకు 80 వేల చొప్పున 14.51 కోట్లు మంజూరు చేసి ఆ భారాన్ని భరించింది. ప్రభుత్వం ఆదుకున్నందుకు సంతోషమే. అయితే ఆ ధనం చివరికి చేరింది విమాన ఛార్జీ రూపంలోనే కదా? 2024లో కేరళలోని కరిపూర్ నుంచి విమాన ఛార్జీ 1.65 లక్షలుగా, కొచ్చి, కన్నూరుల నుంచి అందులో దాదాపు సగంగా ఖరారు కావడంతో అక్కడి ముస్లిములు గొంతెత్తారు, కొంత తగ్గింపు సాధించారు. 2025లో, తగినంత మంది ఎంచుకోలేదన్న కారణంతో, విజయవాడ కేంద్రాన్నే రద్దు చేశారు. ఎక్కువ ధర పెట్టినప్పుడు యాత్రికులు తక్కువగా రావడంలో వింత ఏముంది?

హజ్ సబ్సిడీ పేరిట దశాబ్దాలపాటు మనల్ని ఎత్తిపొడిచారు. దానిని క్రమంగా తొలగించమని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించింది, 2018లో కేంద్రం పూర్తిగా ఎత్తివేసింది. మేము దానిని తిరిగి అడగడం లేదు. మేము అడిగేది వేరు. పూర్తి ధర చెల్లించేవాడికి పూర్తి హక్కులు ఉండాలి. దయ పొందేవాడిగా చూడడం మానేశారు సరే, కొనుగోలుదారుగా చూడడం ఎప్పుడు మొదలుపెడతారు?

హక్కులు చట్టంలో లేవా అంటే, కొన్ని ఉన్నాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2010లో జారీ చేసి, తరువాత సవరించిన నిబంధనల ప్రకారం, ప్రయాణ నిడివిని బట్టి 2 నుంచి 4 గంటలకు మించిన ఆలస్యానికి భోజనం, ఫలహారం ఇవ్వాలి. 6 గంటలు దాటితే ప్రత్యామ్నాయ విమానమో పూర్తి డబ్బు వాపసో ఇవ్వాలి. 24 గంటలు దాటితే, లేదా రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య కదలవలసిన విమానం 6 గంటలకు మించి ఆగితే, బస చూపాలి. తగిన ముందస్తు సమాచారం లేకుండా రద్దు చేస్తే 5,000 నుంచి 10,000 రూపాయల దాకా పరిహారం చెల్లించాలి.

ఈ నిబంధనలలో రెండు పెద్ద లోపాలున్నాయి. మొదటిది, ఆలస్యానికి నగదు పరిహారమే లేదు. రద్దుకు ఇచ్చే పరిహారాన్నైనా విమానం గాలిలో ఎంతసేపు ఉంటుందన్నదానిని బట్టి లెక్కగడతారు గాని, ప్రయాణికుడు నేలమీద ఎంతసేపు పడిగాపులు కాశాడన్నది చూడరు. రెండవది, డబ్బు వాపసు అన్న ప్రత్యామ్నాయం హాజీకి ప్రత్యామ్నాయమే కాదు. ఇరవై ఏళ్ళు కూడబెట్టిన వృద్ధుడి చేతిలో డబ్బు పెట్టి ఇంటికి వెళ్ళమంటే అరఫాత్ దినం ఆయన కోసం ఆగుతుందా? గల్ఫ్‌కు వెళ్ళే మన పిల్లల స్థితీ ఇంతే. వీసా గడువు ముగిసే రోజున విమానం రద్దయితే వారు పోగొట్టుకునేది టికెట్టు ధరను కాదు, ఉద్యోగాన్ని.

యూరప్‌లో 2005 నుంచి అమలులో ఉన్న నియమం ప్రకారం, సంస్థ తప్పువల్ల విమానం రద్దయినా, గమ్యం చేరడంలో 3 గంటలకు పైగా ఆలస్యమైనా దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల పరిహారం రావచ్చు. అక్కడ చార్టర్ విమానాలకు మినహాయింపు లేదు. మన హజ్ విమానాలూ చార్టర్లే. యూరప్ విహారయాత్రికుడికి దక్కే రక్షణ మన హాజీకి ఎందుకు దక్కకూడదు?

“మీరు టికెట్టు కొన్నది కమిటీ దగ్గర, సంస్థ దగ్గర కాదు” అన్న వాదన ఒకటి ఉంది. ఇది నిలవదు. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారత్ 2009లో చేరింది, సౌదీ అరేబియా కూడా అందులో సభ్యదేశమే. అంతర్జాతీయ ప్రయాణంలో జాప్యం వల్ల కలిగిన నష్టానికి విమాన సంస్థ బాధ్యత వహించాలని ఆ ఒప్పందం చెబుతుంది. ఒప్పందం చేసుకున్నవారు ఒకరు, నిజంగా విమానం నడిపినవారు మరొకరు అయిన సందర్భానికి కూడా అందులో ప్రత్యేక అధ్యాయమే ఉంది. జాప్యానికి గరిష్ఠ పరిమితిని 2024 డిసెంబర్ 28 నుంచి ప్రయాణికుడికి 6,303 ఎస్‌డీఆర్‌లకు పెంచారు. అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కలో అది మన డబ్బులో ఏడు లక్షలకు పైమాటే. అంత మొత్తం దానంతట అదే రాదు, నష్టాన్ని రుజువు చేయాలి. అన్ని సహేతుకమైన చర్యలూ తీసుకున్నామని నిరూపించుకునే అవకాశం సంస్థకూ ఉంటుంది. అయినా అడిగే దారి ఉందన్నది మన ఊళ్ళలో ఎంతమందికి తెలుసు?

మంచు, తుఫాను అంటూ సంస్థలు తప్పుకునే మాట కూడా ఒకటుంది. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు రావలసిన విమానం 2007 డిసెంబర్‌లో పొగమంచు వల్ల ఆలస్యమైతే ఒక ప్రయాణికుడు హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పొగమంచుకు సంస్థ పరిహారం ఇవ్వనక్కరలేదని 2011లో కోర్టు తీర్పు చెప్పింది. దానితో పాటే, కారణం ఏదైనా ప్రయాణికుల కనీస అవసరాలు చూడవలసిన బాధ్యత సంస్థను వదలదని కూడా స్పష్టం చేసింది. అంటే ప్రకృతి వైపరీత్యం కూడా మంచినీళ్ళు ఇవ్వకపోవడానికి సాకు కాదు.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. పైలట్ల విశ్రాంతి గురించిన కొత్త నియమాలకు తగినట్టు సంస్థ సిద్ధం కాకపోవడం అందుకు ప్రధాన కారణం. శంషాబాద్‌లో శబరిమలకు బయలుదేరిన అయ్యప్ప మాలధారులు నిరసనకు దిగారు. వారి ఆవేదన మాకు అర్థమవుతుంది. దీక్షలో ఉన్నవాడి నిరీక్షణ ఏమిటో ఇహ్రామ్‌లో ఉన్నవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. నగరాల ప్రయాణికులు లక్షల్లో చిక్కుకుపోయినప్పుడు కేంద్రం కదిలింది, ఛార్జీలకు పరిమితి పెట్టింది, వాపసులకు గడువు విధించింది. అడిగేవారు ఉంటే ప్రభుత్వం కదులుతుందని అప్పుడు రుజువైంది. పల్లెల నుంచి వచ్చిన రెండు మూడు వందల మంది హాజీల కోసం అదే వేగం చూపాలన్నదే మా పట్టు.

“పరిహారం తీసుకుంటే సవాబు తగ్గుతుందేమో” అని సంకోచించే పెద్దలకు మేము వినయంగా చెప్పేది ఇది. పరిహారం భిక్ష కాదు, హక్కు. మీకు వద్దనిపిస్తే తీసుకుని సదఖా చేయండి. తీసుకోకుండా వదిలేస్తే ఆ సొమ్ము పేదవాడికి చేరదు, సంస్థ ఖజానాలోనే ఉంటుంది. పైగా మీ తరువాత వచ్చే ఏడాది వెళ్ళేవారికి కూడా అదే అవమానం మిగులుతుంది.

కనుక మా కోరికలు ఇవి. హజ్ విమానాల కోసం ప్రభుత్వం విమాన సంస్థలతో కుదుర్చుకునే ఒప్పందాలను తెలుగు, ఉర్దూ భాషలలో ప్రచురించాలి. ఆలస్యానికి విధించే జరిమానా నేరుగా యాత్రికుడి ఖాతాలో పడాలి. నిరీక్షించిన గంటలను బట్టి పరిహారం లెక్కగట్టే నియమం రావాలి, ఋతువును బట్టి నడిచే కేంద్రాలలో అది రెట్టింపు కావాలి. యాత్రికులు ఎంచుకున్న తరువాత బయలుదేరే కేంద్రాన్ని మారిస్తే, కొత్త కేంద్రానికి చేరే ఖర్చంతా మార్చినవారే భరించాలి.

అంతవరకు మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. బోర్డింగ్ పాస్ పారేయకండి. ఆలస్యానికి కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. సమయాలు రాసుకోండి, తెల్లకాగితం మీద సంతకం చేయకండి. ఎయిర్‌సేవాలోనూ, వినియోగదారుల సహాయవాణి 1915కూ ఫిర్యాదు చేయండి. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, గడువు రెండేళ్ళు. ప్రతి మస్జిద్ కమిటీ హజ్ శిక్షణ తరగతుల్లో మనాసిక్‌తో పాటు ఈ హక్కులను కూడా ఒక గంటసేపు బోధించాలి. చదువుకున్న ఒక యువకుడిని, ఒక యువతిని ఇందుకు సిద్ధం చేయాలి.

హాజీ అల్లాహ్ అతిథి అని మనం నమ్ముతాం. ఆ అతిథి విమాన సంస్థకు మాత్రం డబ్బు కట్టిన ప్రయాణికుడు. ఆయనకు రావలసినదానిని రూపాయితో సహా వసూలు చేయించే బాధ్యత ఆయన వెనుక ఉన్న సమాజానిది.