పలక మీది పేరు

అర్జెంటీనా రాజధానియైన బ్యూనస్ ఐరిస్ నగరమున ప్యూర్తో మాదెరో అను పేట కలదు. 1897 నాటికి పూర్తియైన ఓడరేవు అది. పెద్ద ఓడల రాకతో కొలది ఏండ్లకే చాలనిదైపోయెను. పాడుపడిన ఆ రేవును 1989 నుండి క్రొత్త పేటగా తీర్చిదిద్దిరి. వీధులకు స్త్రీల పేర్లు పెట్టుట అచటి విశేషము. వైద్యురాలు సెసీలియా గ్రియర్సన్, శిశువిద్యకు జీవితము ధారపోసిన ఉపాధ్యాయిని రొసారియో వేరా పెన్యలోసా ఆ పలకలపై నిలిచిరి. ఒక ఉద్యానవనమునకు అర్జెంటీనా స్త్రీల పేరును, మరొకదానికి మికాయెలా బాస్తీదాస్ పేరును పెట్టిరి.

ఈ మికాయెలా నేటి పెరూ కొండసీమలో 1744లో జన్మించెను. 1780లో స్పెయిన్ పాలకులపై తిరుగబడిన రెండవ తూపాక్ అమారుకు ఇల్లాలు. ఇల్లాలని చెప్పి ఊరకుండుట అన్యాయమగును. సైన్యమునకు తిండి, డబ్బు, ఆయుధములు సమకూర్చినది ఆమెయే. కుస్కో నగరముపైకి జాగు సేయక నడువుమని భర్తకు లేఖపై లేఖ పంపెను. ఆయన జాగు చేసెను, అదను తప్పెను. 1781 మే 18న కుస్కో నడిబొడ్డున ఆమెను, భర్తను, కుమారుని చంపిరి. పాలకులకు అంతటితో తృప్తి కలుగలేదు. ఇంకాల వేషములను, వారి నాటకములను నిషేధించి, ప్రజలు స్పానిషు నేర్వవలెనని శాసించిరి.

అది రాజుల కాలపు మాట యనుకొందము. గణతంత్రము చేసినదేమి? ఆ పేటలోనే ఐమే పైనే వీధి యున్నది. మపూచే జాతి గాయని ఆమె, 1943లో పుట్టెను. ఆదివాసుల పేర్లను జనన పట్టికలో వ్రాయుట నాడు నిషిద్ధము గనుక ఓల్గా ఎలీసా అని వ్రాసిరి. జాతీయ గాయకబృందమున పాడిన పిమ్మట ఆమె తన వారిని వెదకికొని పోయి, పెద్దల పాటలను మపూచే భాషలోనే పాడుచు ఊరూర తిరిగెను. ఆదివాసుల పేర్లను అంగీకరించు చట్టము 1984లో వచ్చెను. మూడేండ్లకే, 1987లో, ఆమె మరణించెను.

పేరు పెట్టుట మంచిదే. కాని ఎచట పెట్టిరో చూడవలదా? నగరమున ఇండ్ల వెల అత్యధికమైన పేటలలో ప్యూర్తో మాదెరో యొకటి. దాని అంచుననే రొద్రీగో బ్వేనో అను పేదల వాడ యున్నది. పెరూ, పరాగ్వే దేశముల నుండి వచ్చిన శ్రామికులు అచట అనేకులు. మికాయెలా పుట్టిన గడ్డవారు ఆమె తోట చుట్టునున్న సౌధములలో గాక, ఈ వాడలో కాపురముండుట కంటికి గ్రుచ్చుకొనును. ఆ వాడను బాగుచేయుటకు నగరము 2017లో చట్టము చేసెను. తోటకు పేరు పెట్టుటకంటె అది పెద్ద పని. తడవుగా మొదలైన పని.

పలకపై పేరునకు మరియొక దోషము కలదు. పెట్టినంత సులువుగా తీసివేయవచ్చును. ప్యూర్తో మాదెరోకు కొలది దూరముననే అధ్యక్షభవన మున్నది. అందు అర్జెంటీనా స్త్రీల గౌరవార్థము ఒక మందిరమును 2009లో తెరచిరి. 2024 మార్చి 8న, సరిగా అంతర్జాతీయ మహిళా దినముననే, ఆ చిత్రపటములను తొలగించి, దానికి 'మహాపురుషుల మందిర'మని పేరు మార్చి, పురుషుల పటములను మాత్రమే వ్రేలాడదీసిరి. అందుకు ఒక్క దినము చాలెను.

ఐమే పైనేకు దక్కని హక్కు సంగతి వేరు. 1984 నాటి చట్టము ఇచ్చినదానిని 2015లో అమలునకు వచ్చిన పౌరస్మృతియు నిలిపినది. నేడు మపూచే తల్లి తన బిడ్డకు తన భాషలో పేరు పెట్టినచో, గుమాస్తా దానిని అట్లే పట్టికలో వ్రాయవలసినదే.