కనబడే తుపాకీ రక్షణ ఇస్తుందా?

అమెరికాలోని టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి అర్హులైన వయోజనులు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీని ఒరలో ఉంచి, నలుగురికీ కనబడేలా ధరించవచ్చు. అక్కడి తెలుగువారికి కొత్త కాని ఆ దృశ్యం భిలాయిలోనో, నందిని సున్నపురాతి గనుల దారిలోనో ఎదురైతే నిబంధనల ఉల్లంఘనే. ఉక్కు కర్మాగారంలో తొలి కొలిమి వెలిగిన 1959లోనే మన ఆయుధ చట్టమూ రూపొందింది.

2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారు పిస్తోలును ఒరలో గాని సంచిలో గాని పూర్తిగా కప్పి ఉంచాలి. అది తన అదుపులో ఉండాలి. కీలకం ఈ రెండో షరతే. నడుమున కనబడే ఆయుధం భయపెట్టడం మాట అటుంచి, దాన్ని కాజేయదలచిన వాడికి దారి చూపుతుంది. సంతలో, బస్సులో వెనుక నిలిచినది ఎవరో, ఎవరి చేయి ఎటు కదులుతోందో ధరించినవాడు క్షణక్షణం కనిపెట్టుకొని ఉండాలి. శిక్షణ పొందిన సిబ్బందికే ఇది కష్టసాధ్యం. పోలీసుల, సాయుధ బలగాల తుపాకీని బలవంతంగా లాక్కుంటే కనీసం 10 ఏళ్ల జైలు విధించేలా 2019లో చట్టాన్ని సవరించవలసి వచ్చింది. సామాన్యుడి తుపాకీకి ఆ సెక్షను వర్తించదు.

లైసెన్సుకు ముందు ఇచ్చే శిక్షణలో గురి కంటే ఈ అప్రమత్తతకే ఎక్కువ సమయం కేటాయించాలి.