పాత స్పెక్ట్రమ్, కొత్త తెర

గత మాసం ఇన్వర్టరు బ్యాటరీల గురించి చెప్పుకొన్నాము. ఈసారి మా బల్ల మీదికి పూర్తిగా భిన్నమైన పని వచ్చింది. అడాజన్‌లో మా వీధిలోనే నివసించిన, ఉద్యోగంలో మాకు ఓనమాలు దిద్దించిన పెద్దాయన ఇంటి అటక మీద ఒక స్పెక్ట్రమ్ ప్లస్ కంప్యూటరు, నాలుగు క్యాసెట్లు బయటపడ్డాయి. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి విడిచిన నీటితో తాపి పొంగి అడాజన్ మునిగినప్పుడు ఆ ఇంటి కింది గదుల్లో సామానంతా పాడైనది. అటక మీద ఉన్నందున ఇవి మిగిలాయి. పెద్దాయన ఇప్పుడు లేరు. వారి కుమార్తె యంత్రాన్ని మా చేతికిచ్చి, "బాబాయ్ గారూ, నా చిన్నతనంలో నాన్నగారు రాసిన తెలుగు అక్షరాల ప్రోగ్రాము ఇందులో ఉండాలి. మా బాబుకి చూపించగలమా?" అని అడిగింది.

యువ సహోద్యోగుల కోసం ఒక మాట. బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ 1982లో విడుదల చేసిన స్పెక్ట్రమ్‌ను 1980ల ద్వితీయార్ధంలో పుణేలోని డెసిబెల్స్ సంస్థ మన దేశంలో తయారు చేసి అమ్మింది. దాని జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. తెర మీద అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలు. ఇంట్లోని టీవీయే మానిటరు, టేపురికార్డరే భాండాగారం.

తెర కన్న ముందు విద్యుత్తు సంగతి చూడవలెను. ఈ యంత్రానికి 9 వోల్టుల డి.సి. కావాలి గాని, పిన్ను నడిమి భాగం రుణ ధ్రువం. నేడు దొరికే అడాప్టర్లలో అధిక భాగం ఇందుకు విరుద్ధం. పిన్ను సరిపోయింది గదా అని గుచ్చితే అక్కడితో కథ ముగిసినట్లే. మేము మీటరుతో మూడుసార్లు కొలిచాము. మా శ్రీమతి నవ్వినది, నవ్వనిండు.

ఇక చిత్రం. స్పెక్ట్రమ్ తన చిత్రాన్ని టీవీ చానల్ రూపంలో, యూహెచ్‌ఎఫ్ 36 ప్రాంతంలో పంపుతుంది. కొత్త టీవీలో వెతికితే మంచు కురిసినట్లు ఏదో నీడ కనిపించింది. అందుచేత మాడ్యులేటరు డబ్బా తెరచి, లోపలి రెసిస్టరు కాలు విడదీసి, వీడియో తీగను 100 మైక్రోఫారడ్ కెపాసిటరు గుండా నేరుగా సాకెట్టుకు కలిపాము. అయినను మా ఇంటి టీవీ నీలి తెర చూపి ఊరుకొన్నది.

కారణం ఇది. టీవీ ప్రమాణంలో ఒక చిత్రానికి 625 గీతలు. వాటిని బేసి, సరి భాగాలుగా 312న్నర చొప్పున పంపుతారు. స్పెక్ట్రమ్ ఆ అర గీతను ఎగవేసి ప్రతిసారి 312 గీతలే పంపుతుంది. పిక్చరు ట్యూబు టీవీ దానిని పట్టించుకోదు. స్పందనం వచ్చిన చోట కొత్త గీత మొదలుపెట్టి సాగిపోతుంది. చదునుతెర టీవీ మాత్రం సంకేతాన్ని అంకెలుగా మార్చి, రెండు భాగాలను జతచేయబోతుంది. జత కుదరకపోతే కొన్ని టీవీలు చిత్రాన్ని వణికిస్తాయి, కొన్ని అసలు చూపవు. తప్పు పాత యంత్రానిది కాదని మా అభిప్రాయం. అదృష్టవశాత్తు అమ్మాయి ఇంట్లోని చిన్న టీవీ స్వీకరించింది. అక్కడ కూడ ఏవీ కేబులు మొదట బుర్రుమన్నది. నాలుగు భాగాల ఆ సన్నపు పిన్నులో వీడియో ఏ భాగానికి పోవలెనో కేబులు కేబులుకూ మారుతుంది. రెండవ కేబులుతో తెల్లని తెర, అడుగున సింక్లెయిర్ వారి సంవత్సరం వచ్చాయి.

క్యాసెట్‌ను యంత్రానికి పెట్టకముందే ల్యాప్‌టాప్‌లో ధ్వనిగా దాచుకొన్నాము. అంత పాత టేపు ఎన్నిసార్లు తిరుగునో చెప్పలేము. కీచుమనే శబ్దం కన్న ముందు, "అక్షరాలు, రెండవ ప్రయత్నం" అని పెద్దాయన గొంతు వినిపించింది. ప్రోగ్రాము పేరు టేపు మీద నోటితో చెప్పుకోవడం ఆనాటి అలవాటు. అది ఉంటుందని మేమెవ్వరమూ అనుకోలేదు. అమ్మాయి మళ్లీ వేయమన్నది. వేశాము.

మొదటి రెండు పర్యాయాలు లోడింగు పొరపాటు వచ్చింది. టేపురికార్డరు హెడ్డు స్క్రూను కొద్దిగా తిప్పిన పిమ్మట మూడవసారి ఎరుపు, నీలాకాశపు చారలు అంచుల్లో నిలకడగా పరుగెత్తాయి. తెర మీద అ, ఆ, ఇ, ఈ, ఉ.

స్పెక్ట్రమ్‌లో మనం గీసుకోదగిన గుర్తులు 21 మాత్రమే, ఒక్కొక్కటి ఎనిమిది చుక్కల చదరం. మన అక్షరాల వంపుకు నాలుగు చదరాలు కావాలి కనుక ఒక్కసారి ఐదక్షరాలే ఇముడుతాయి. ఆయన ఐదేసి చొప్పున మార్చి మార్చి చూపారు. చదునుతెర మీద అవి మెట్లుమెట్లుగా, పైగా సాగి కోలగా కనిపించాయి. ట్యూబు తెర మసకలో చుక్కలు కలిసిపోయి గుండ్రమవుతాయని తెలిసే ఆయన గీశారు. టీవీ అమరికలో నాలుగుకు మూడు నిష్పత్తి ఎంచుకొన్నాక అకారానికి దాని పొట్ట తిరిగి వచ్చింది. పదునైన చిత్రం కోసం వేరే పరికరం కొందామన్న ఆలోచన మానుకొన్నాము.

బాబు మీట నొక్కుతూ నొక్కుతూ ఔ దాకా వెళ్లాడు. అడాప్టరుకు "ఇది తప్ప వేరొకటి వాడరాదు" అని చీటీ అంటించి, యంత్రాన్ని అక్కడే వదలి వచ్చాము. మిగిలిన మూడు క్యాసెట్లు ఇంకా మా బల్ల మీదనే ఉన్నాయి.