గీత మీద పడిన కాక్ ఎవరిది?

"ఆటల్లో గెలుపోటములు సహజం" అని ప్రతి వార్షికోత్సవ సభలోనూ వింటాం. ముఖ్య అతిథి చెబుతారు, వార్డెన్ గారు చెబుతారు, మనం చప్పట్లు కొడతాం. మర్నాడు సాయంత్రం షటిల్ కోర్టు దగ్గర "అవుట్" అని ఒకడు, "కాదు, ఇన్" అని ఇంకొకడు గొంతులు చించుకుంటాం. సభలో విన్న మాట కోర్టు దాకా ఎందుకు రాదు? ఈ ప్రశ్న గురించి నాకు తోచిన నాలుగు మాటలు తమ్ముళ్ళతోనూ, తోటి పూర్వ విద్యార్థులతోనూ పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

మన హాస్టళ్ళలో షటిల్ కోర్టు అంటే చెక్క నేల, లైట్లు, కుర్చీలో అంపైర్ కాదు. వంటగది వెనక చదును చేసిన మట్టి నేల, సున్నంతో గీసిన గీతలు, రెండు కర్రలు, వాటికి బిగించిన నెట్. బ్యాట్లు నాలుగు ఉంటే అందులో ఒకదానికి గట్టింగ్ తెగి ఉంటుంది. ఆడాలనుకునేవాళ్ళు మాత్రం నలభై మంది. అంపైర్ ఉండడు, లైన్ జడ్జి ఉండడు. కాక్ ఎక్కడ పడిందో చెప్పాల్సింది ఆడేవాడే. అంటే అక్కడ ఆటగాడే ఆటగాడు, ఆటగాడే జడ్జి. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, మన కోర్టులో మర్యాద అనేది ఆటకు పెట్టిన అలంకారం కాదు. అదే మొదటి రూలు. అది లేకపోతే మిగతా రూల్స్ ఏవీ పనిచేయవు.

రూల్స్ ఏమంటున్నాయి?

గీత కూడా కోర్టులో భాగమే. కాక్ గీతను తాకితే అది 'ఇన్'. ఆట నడుస్తుండగా బ్యాట్ కానీ, ఒళ్ళు కానీ, చొక్కా కానీ నెట్‌కు తగిలితే ఫాల్ట్. అవతలివాడు సిద్ధంగా లేనప్పుడు సర్వీస్ చేస్తే లెట్, మళ్ళీ సర్వీస్ చేయాలి. ఇవి అందరికీ తెలిసినవే. కొందరికి తెలియనిది ఇంకొకటి ఉంది. కావాలని ఆలస్యం చేయడం, కాక్ వేగం మారేలా ఈకలు వంచడం, అవమానకరంగా ప్రవర్తించడం, ఇవన్నీ కూడా బ్యాడ్మింటన్ రూల్స్ పుస్తకంలో తప్పులే. పెద్ద పోటీల్లో వీటికి పసుపు కార్డు చూపి హెచ్చరిస్తారు. మళ్ళీ చేస్తే ఎర్ర కార్డు చూపి పాయింటు అవతలివాళ్ళకు ఇస్తారు. మరీ మితిమీరితే నల్ల కార్డు, పోటీ నుంచే బయటకు.

రూల్స్‌లో రాయనివి, ఆటగాళ్ళు తరతరాలుగా పాటిస్తున్నవి మరికొన్ని ఉన్నాయి. అంపైర్ లేనప్పుడు ఎవరి వైపు గీతలకు వాళ్ళే తీర్పు చెప్పాలి. అనుమానం ఉంటే పాయింటు అవతలివాడికి ఇవ్వాలి, లేదా ఇద్దరూ ఒప్పుకుని మళ్ళీ ఆడాలి. కాక్ తన బ్యాట్ అంచుకు తగిలి బయటకు పోతే, ఎవరూ చూడకపోయినా "తగిలింది" అని చెప్పాలి. నెట్‌కు తగిలి అదృష్టం కొద్దీ అవతల పడితే చెయ్యెత్తి "సారీ" అనాలి. కాక్‌ను కాలితో తన్నకుండా అవతలివాడి చేతికి అందేలా కొట్టాలి. డబుల్స్‌లో జోడీ తప్పు చేస్తే నలుగురిలో తిట్టకూడదు. ఆట అయ్యాక నెట్ దగ్గరకు వెళ్ళి చెయ్యి కలపాలి. ఇందులో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. మన హాస్టల్లో బ్యాట్లకు కొరత ఉండవచ్చు కానీ వీటికి కొరత ఉండాల్సిన పని లేదు.

లోకం చూసిన మూడు సంగతులు

2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ పోటీలు. క్వార్టర్ ఫైనల్స్‌కు ముందే చేరిపోయిన కొన్ని జోడీలు తర్వాతి రౌండ్‌లో సులువైన ప్రత్యర్థి దొరకాలని, చివరి గ్రూప్ మ్యాచ్ కావాలని ఓడిపోవడానికి పోటీపడ్డాయి. సర్వీసులు నెట్‌కు కొట్టారు, తేలిక షాట్లు బయటకు కొట్టారు. డబ్బిచ్చి టిక్కెట్లు కొన్న జనం కేకలు వేశారు. మర్నాడు, ఆగస్టు 1న, చైనా జోడీ ఒకటి, దక్షిణ కొరియా జోడీలు రెండు, ఇండోనేషియా జోడీ ఒకటి, మొత్తం ఎనిమిది మందిని పోటీ నుంచి తొలగించారు. వాళ్ళమీద మోపిన నేరం శక్తివంచన లేకుండా ఆడకపోవడం. చూశారా, గెలవడానికి నిజాయితీగా ప్రయత్నించడం కూడా ప్రత్యర్థికి ఇచ్చే మర్యాదే.

2016 రియో ఒలింపిక్స్ ఫైనల్ మన తెలుగువాళ్ళెవరూ మరిచిపోరు. పి.వి. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండు గేములు 12-21, 15-21తో స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌కు కోల్పోయింది. చివరి పాయింటు అయ్యాక మారిన్ ఆనందం పట్టలేక కోర్టు మీద కూలబడి ఏడ్చింది. సింధు అవతలి వైపుకు వెళ్ళి ఆమెను లేపి కౌగిలించుకుంది. కిందపడి ఉన్న మారిన్ బ్యాట్‌ను తీసి ఆమె సంచి దగ్గర పెట్టింది. అప్పటికి సింధు వయసు 21 ఏళ్ళు. ఒలింపిక్ బంగారు పతకం చేజారిన నిమిషంలో అవతలివాళ్ళ బ్యాట్ తీసి పెట్టాలన్న ఆలోచన రావడం సామాన్యం కాదు. రోజూ కోర్టులో అలవాటు లేనిది ఆ ఒక్క రోజున ఊడిపడదు.

అదే మారిన్ 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లోనూ ముందుండగా మోకాలు దెబ్బతిని ఏడుస్తూ ఆట విరమించింది. ప్రత్యర్థి హీ బింగ్‌జియావ్ ఫైనల్‌కు వెళ్ళి వెండి పతకం సాధించింది. పతకాలు అందుకునే వేదిక మీద ఆ చైనా అమ్మాయి చేతిలో స్పెయిన్ బ్యాడ్జి ఒకటి పట్టుకుని నిలబడింది. మారిన్ కూడా ఆ వేదిక మీద ఉండాల్సిందని నోటితో చెప్పకుండానే చెప్పింది.

నేను చేసిన తప్పు

ఇతరుల సంగతులు చెప్పి నా సంగతి దాచుకుంటే అది కూడా మర్యాద కాదు. 1998లో నేను పదో తరగతి. హాస్టల్ వార్షికోత్సవ పోటీల్లో షటిల్ సింగిల్స్ ఫైనల్‌కు వచ్చాను. అవతల తొమ్మిదో తరగతి తమ్ముడు. రెండేళ్ళపాటు మేం ఆడుతుంటే ముళ్ళకంప అవతల పడిన కాక్‌లు ఏరుకొచ్చి ఇచ్చినవాడు. మేం అలసిపోయాక, చీకటి పడే ముందు దొరికే పది నిమిషాల్లో ఆట నేర్చుకున్నవాడు. అప్పట్లో 15 పాయింట్ల ఆట, సర్వీస్ చేసేవాడికే పాయింటు. 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చింది. చివరి గేమ్‌లో నేను 14-12తో ముందున్నాను. సర్వీస్ నాదే. వాడు నా తల మీదుగా ఎత్తి కొట్టాడు. కాక్ నా వెనక గీత మీద పడింది. సున్నం కొద్దిగా లేవడం నేను కళ్ళారా చూశాను. కాక్ మొన మీద తెల్లటి మచ్చ కూడా ఉంది. వంగి తీసుకుంటూ ఆ మచ్చను బొటనవేలితో తుడిచేసి, "అవుట్" అన్నాను.

వాడు వాదించలేదు. "సరే అన్నా" అని నెట్ దగ్గరకు వచ్చి చెయ్యి కలిపాడు. నాకు స్టీలు గ్లాసు బహుమతిగా ఇచ్చారు. ఆ తర్వాత నేను హాస్టల్ వదిలేదాకా వాడు కోర్టు వైపు రావడం చూడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత పూర్వ విద్యార్థుల కలయికలో వాడు కనిపించాడు. పక్కకు పిలిచి జరిగింది చెప్పి, క్షమించమన్నాను. "నాకు అప్పుడే తెలుసన్నా. చెయ్యి కలిపినప్పుడు నీ బొటనవేలికి సున్నం ఉంది" అన్నాడు. మరి ఎందుకు అడగలేదన్నాను. "నువ్వు పెద్దోడివి. అడిగితే రేపట్నుంచి ఆ పది నిమిషాలు కూడా దొరకవనుకున్నా. తర్వాత ఆ పది నిమిషాలు కూడా వద్దనిపించింది" అన్నాడు.

ఆ మాటతో నాకు ఒక విషయం అర్థమైంది. నేను దొంగిలించింది ఒక్క పాయింటు కాదు, వాడి ఆట. తప్పుడు పాయింటు కన్నా ముందు నుంచే పెద్ద అన్యాయం జరుగుతూ ఉంది. రెండేళ్ళు కాక్‌లు ఏరించుకుని, వాడికి రావాల్సిన వంతు మేం ఇవ్వలేదు. అలవాటైన ఆ పెద్దరికమే ఆ రోజు నా చేత "అవుట్" అనిపించింది.

"మనకెవరిచ్చారు మర్యాద?"

ఈ మాట కొందరు తమ్ముళ్ళు అంటారు. బయటి స్కూళ్ళతో ఆడేటప్పుడు "హాస్టలోళ్ళు" అని చులకనగా చూస్తారు, అంపైర్లు కూడా అటే మొగ్గుతారు, మనమొక్కళ్ళమే మంచిగా ఉంటే చేతగానివాళ్ళనుకుంటారు అని వాళ్ళ వాదన. ఇందులో నిజం లేదని నేననను. అన్యాయంగా తీర్పు ఇస్తే నోరు మూసుకోమని కూడా అనను. అంపైర్ దగ్గరకు వెళ్ళి నిదానంగా, స్పష్టంగా అడగడం మన హక్కు. మర్యాద అంటే లొంగిపోవడం కాదు.

కానీ ఒక్కటి ఆలోచించండి. టీ కొట్టులో రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్ళ నుంచి మన పెద్దలు వచ్చారు. నీ చోటు అది, నువ్వు అక్కడే నిలబడు అనిపించుకోవడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. హాస్టల్ గోడ మీద అంబేద్కర్ గారి పటానికి ఏటా దండ వేస్తాం. అటువంటి మనమే ఆరో తరగతి పిల్లవాడిని కంప పక్కన నిలబెట్టి, నీ పని కాక్‌లు ఏరడమే అంటే, ఆ దండకు అర్థమేముంది? బయటివాళ్ళు మనకు చేసింది మన చిన్నవాళ్ళకు మనమే చేసినట్టు కాదా?

ఇలా చేసి చూద్దాం

ఊరికే నీతులు చెబితే లాభం లేదు కాబట్టి కొన్ని సూచనలు. ఆడాలనుకునేవాళ్ళ పేర్లు పలక మీద వరుసగా రాయాలి. అందులో సీనియర్, జూనియర్ తేడా ఉండకూడదు. ఎక్కువమంది ఎదురుచూస్తుంటే 11 పాయింట్లకే గేమ్ ముగించాలి. గెలిచినవాడైనా వరుసగా రెండు గేములకు మించి ఆడకూడదు. కాక్ ఎవరు కొడితే వాళ్ళే తెచ్చుకోవాలి. స్కోరు చెప్పే పని చిన్న తరగతులవాళ్ళకు ఇవ్వాలి, వాళ్ళు చెప్పిన స్కోరుకు పదో తరగతివాడు కూడా కట్టుబడాలి. సాయంత్రం గాలి ఒక వైపే వీస్తుంది కాబట్టి గేమ్ అయ్యాక తప్పకుండా వైపులు మారాలి. చివరి గేమ్‌లో సగంలో కూడా మారాలి. వీటికి వార్డెన్ గారి ఉత్తర్వు అక్కరలేదు. మనం ఒప్పుకుంటే చాలు.

తప్పు చేసినవాడికి దారి మూసుకుపోతుందని మాత్రం నేననుకోను. 2012లో లండన్‌లో తొలగించిన ఆ ఎనిమిది మందిలో ఇండోనేషియాకు చెందిన గ్రేసియా పోలి ఒకరు. తలదించుకుని ఇంటికి వెళ్ళిన ఆమె ఆట మానలేదు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టు 2న, అప్రియాని రహాయుతో కలిసి మహిళల డబుల్స్ బంగారు పతకం గెలిచింది. ఇండోనేషియాకు ఆ విభాగంలో అదే మొదటి బంగారం. తొమ్మిదేళ్ళు పట్టింది, కానీ నిలబడింది.

ఆ స్టీలు గ్లాసు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు తెచ్చి, దాని అసలు యజమానికి ఇవ్వాలనుకుంటున్నాను. వాడు తీసుకుంటాడో లేదో తెలియదు. తీసుకోకపోతే కోర్టు పక్కన పెడతాను, ఆడి అలసినవాళ్ళు నీళ్ళు తాగడానికి పనికొస్తుంది. సీనియర్లూ, జూనియర్లూ అందరూ అందులోనే తాగండి.

తమ్ముళ్ళూ, గీత మీద పడిన కాక్ అవతలివాడిదే. ఎవరూ చూడకపోయినా అవతలివాడిదే.