రోబోటిక్స్ నేర్చుకోవాలా? ముందు మల్టీమీటర్ కొనండి

బీటెక్ రెండో ఏడాదిలోకి రాగానే చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, రోబోటిక్స్ స్టార్ట్ చేద్దామనుకుంటున్నా, ఏ కిట్ తీసుకోమంటావ్?" ఏ ఫోన్ కొనాలో చెప్పినట్టే ఏదో ఒక కిట్ పేరు చెప్పేయొచ్చు. కానీ నా ఓటు పెద్ద కిట్‌కి లేదు. ముప్పై సెన్సార్ల డబ్బా కొంటే అందులో సగానికి పైగా కవర్ కూడా విప్పకుండా ఉండిపోతాయి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు పర్లేదు. ఏదైనా కాలిపోతే సాయంత్రం కోఠీకి వెళ్లి ఇంకోటి తెచ్చుకుంటారు. నారాయణఖేడ్ కుర్రాడికి కోఠీ వంద కిలోమీటర్ల పైమాటే. సెలవుల్లో ఇంటికొచ్చి మొదలుపెట్టిన బండి ఒక్క మోటార్ డ్రైవర్ కోసం ఆగిందంటే, కొరియర్ వచ్చేలోపు సెలవులే అయిపోతాయి. అందుకే పార్టులు కాల్చకుండా ఉండటం, ఏది పాడైందో సరిగ్గా కనిపెట్టడం ముందు రావాలి. సుమారు 500 రూపాయల మల్టీమీటర్ చేసే పని అదే. దాంతోపాటు ఆర్డ్యునో యూనో క్లోన్, చక్రాలతో రెండు పసుపు బీవో మోటార్లు, డ్రైవర్, ఛాసిస్, రెండు ఎన్‌కోడర్లు, రీఛార్జబుల్ సెల్స్ చాలు.

స్పెక్స్ పిచ్చి ఉన్నవాళ్లకు ఇక్కడే మంచి మేత ఉంది. ప్రతి ట్యుటోరియల్‌లో కనిపించే ఎల్298ఎన్ డ్రైవర్ పాత బైపోలార్ రకం. తనే సుమారు 2 వోల్టులు మింగేస్తుంది. 6 వోల్టుల బ్యాటరీ పెడితే మోటార్‌కి అందేది దాదాపు 4, మిగతాదంతా వేడి. మాస్‌ఫెట్లు వాడే టీబీ6612లో ఈ నష్టం చాలా తక్కువ. ఇక ఆ చిన్న డబ్బా లాంటి 9 వోల్టుల బ్యాటరీతో మోటార్లు నడపాలని చూడకండి. వోల్టేజ్ బాగానే ఉంటుంది, కరెంట్ ఇవ్వలేదు. మోటార్ తిరగబోయే క్షణంలో వోల్టేజ్ పడిపోయి ఆర్డ్యునో రీసెట్ అవుతుంది. కోడ్‌లో తప్పుందేమోనని రాత్రంతా వెతుకుతారు. మీటర్ పెడితే నిమిషంలో తేలిపోయే విషయం!

అన్నీ బిగించి "ముందుకు పో" అని కోడ్ రాస్తే బండి నేరుగా పోదు. రెండు మోటార్లకూ ఒకే పీడబ్ల్యూఎం వాల్యూ ఇచ్చినా ఒక పక్కకు గుంజుతుంది. చవక మోటార్లు రెండు అచ్చం ఒకేలా తిరగవు మరి. చాలామంది ఒకవైపు 150, ఇంకోవైపు 162 అని అంకెలు సర్ది, వీడియో తీసి, ఇన్‌స్టాలో పెట్టేస్తారు. బ్యాటరీ కాస్త దిగగానే మళ్లీ మొదటికే. నా దృష్టిలో రోబోటిక్స్ మొదలయ్యేదే ఇక్కడ. చక్రం నిజంగా ఎంత తిరిగిందో ఎన్‌కోడర్‌తో కొలవాలి, తేడా ఎంతో చూడాలి, దాన్నిబట్టి వేగం సరిచేయాలి. క్లాసులో పీఐడీ అని బోర్డు మీద రాసే ఈక్వేషన్ చేసే పని ఇదే. రోబో వాక్యూమ్ రివ్యూల్లో లైడార్‌కి పేరాలకు పేరాలు పోతాయి, చక్రం లెక్కకు ఒక్క లైన్ కూడా దక్కదు.

కాలేజీలో ల్యాబ్ సరిగ్గా లేదా? జేబులో ఫోన్ ఉందిగా. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ తయారుచేసిన ఫైఫాక్స్ యాప్ ఫ్రీ. ఫోన్‌ని టేబుల్ మీద కదలకుండా పెట్టి గైరో గ్రాఫ్ చూడండి, సున్నా దగ్గర వణుకుతూనే ఉంటుంది. సెన్సార్ నాయిస్ అంటే అదే. (చవక ఫోన్లలో కొన్నిటికి గైరో ఉండదు, స్పెక్ షీట్ చూసుకోండి.) సర్క్యూట్ ముందే పరీక్షించడానికి టింకర్‌క్యాడ్, వోక్వి ఉన్నాయి.

ఇంత తలనొప్పి ఎందుకు, ఫైనల్ ఇయర్‌లో రెడీమేడ్ ప్రాజెక్టు కొనేస్తే సరిపోదా అంటారు కొందరు. రిపోర్టుతో సహా దొరుకుతుంది, వైవా కూడా గట్టెక్కొచ్చు. "బండి పక్కకు గుంజితే ఏం చేశావ్?" అని ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం నోరు పెగలదు. నారాయణఖేడ్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే, హైదరాబాద్ వెళ్లే దారిలో కంది దగ్గర ఐఐటీ ఉంది. అందులోని తిహాన్‌లో డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్లు పరీక్షిస్తున్నారు. అనుకున్న దారికీ, బండి నిజంగా పోయిన దారికీ తేడా కొలిచి సరిచేయడం అక్కడా తప్పని పనే. ఆ గేటు ముందు నుంచే బస్సులో వెళ్లే స్టూడెంట్ ప్రాజెక్టు కొనుక్కుని సరిపెట్టుకోవడం నాకు నచ్చదు.

రాస్ 2, గజీబో రెండూ ఫ్రీనే, ఎక్కడికీ పోవు. ఏఐ కెమెరా మాడ్యూల్‌ని కార్ట్‌లోంచి తీసేయండి. ఇంటి గచ్చు మీద చాక్‌పీస్‌తో మూడు మీటర్ల గీత గీసి, బండిని దాని మీద నేరుగా నడపండి. బ్యాటరీ సగం దిగాక మళ్లీ నడపండి.