గాలిపంటలో పాలెవరికి?

విజయదశమి రాత్రి దివిటీల వెలుగున కర్రలు మ్రోగి, మాళమ్మ మల్లేశ్వరస్వాముల ఉత్సవమూర్తుల ఊరేగింపు ముగియు వేళకు, కర్నూలు జిల్లా దేవరగట్టునందలి బసవన్నగుడి కడ పూజారి నోట వెలువడు భవిష్యవాణికై హొళగుంద, ఆలూరు, ఆదోని ప్రాంతముల రైతులు చెవులొగ్గి నిలుచుందురు. జొన్న యేమి ధర పలుకును, పత్తి యేమి ధర పలుకును, వానలెట్లుండును అనునవియే అచట తేలవలసిన సంగతులు. గాలిని గూర్చి అడుగువారు లేరు. గాలికి జోస్యము చెప్పు పని వేరొకచోట, కంప్యూటర్ల ముందర, ప్రతిదినము జరుగుచున్నది. గాలిమరలవారును సౌరఫలకములవారును దినమును పదునైదేసి నిమిషముల చొప్పున 96 భాగములు చేసి, ఏ భాగమున ఎంత విద్యుత్తు పుట్టగలదో ముందుగనే గ్రిడ్డు నడుపువారికి తెలుపవలెనని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2017లో నిబంధన చేసినది. చెప్పినదానికిని పుట్టినదానికిని అంతరము హద్దు మీరెనా, సొమ్ము చెల్లింపవలసినదే. ఇట్టి దండన పూజారికి లేకపోవుట ఆయన అదృష్టము.

ఈ సీమకు వాన కరవైనది గాని గాలి కరవు కాలేదు. చిత్రమేమనగా, రెంటికిని కారణమొక్కటే. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమల నెక్కునపుడు తమ నీటిని చాలవరకు ఆవలి వైపుననే కురిసి, తేలికపడి, జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఆస్పరి, తుగ్గలి మొదలైన మెట్టభూములమీద ఎడతెగక వీచును. ఏ భౌగోళిక స్థితి మన చేల నెండగట్టినదో, ఆ స్థితియే మన మిట్టలపై మరలను నిలిపినది. గాలివేగము రెండింతలైనచో దానియందలి శక్తి ఎనిమిదింతలగును. కావుననే కంపెనీలవారు ఎత్తైన మిట్టలను వెదకుటయు, వానిపై మరింత ఎత్తైన స్తంభములను నిలుపుటయు. అయినను ఆ శక్తినంతను రెక్కలు గ్రహింపజాలవు. గ్రహించినచో వాని వెనుక గాలి కదలక నిలిచిపోయి, ముందు వచ్చు గాలికి త్రోవయే లేకుండును. నూటికి 59 పాళ్లకు మించి ఎట్టి మరయు రాబట్టజాలదని జర్మను శాస్త్రజ్ఞుడు బెట్జ్ శతాబ్దము క్రిందటనే లెక్కగట్టి చూపెను. రెక్కల భ్రమణము అయస్కాంతక్షేత్రమునకును రాగితీగచుట్టకును నడుమ కదలికను పుట్టించి విద్యుత్తగుట 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. నీరు త్రిప్పినను, ఆవిరి త్రిప్పినను, గాలి త్రిప్పినను ఆ సూత్రమున భేదము లేదు.

సౌరఫలకము తీరు వేరు. అందు తిరుగునదేదియు లేదు. సూర్యకిరణము సిలికాన్ పలకను తాకి ఎలక్ట్రానులను కదలించును, ఆ ప్రవాహమే విద్యుత్తు. అది ఏకముఖప్రవాహము గనుక ఇన్వర్టరు దానిని మన ఇండ్లకు పనికివచ్చు రీతికి మార్చును. పాత కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామములకడ 2017లో పూర్తియైన 1000 మెగావాట్ల సౌరపార్కు నాటికి ప్రపంచమునందలి మహాపార్కులలో నొకటి. ఐతే ఫలకమునకు వెలుగు కావలెను గాని వేడి కూడదు. వేడెక్కినకొలది దాని దిగుబడి తగ్గును. మన మే నెల యెండలు చూచి మురిసిపోవువారు ఈ మాట గుర్తుంచుకొనదగును.

ప్రొద్దు క్రుంకినంతనే ఫలకము పని మానును, ఊళ్లలో దీపములు వెలుగుట అప్పుడే మొదలగును. ఈ చిక్కు తీర్చుటకే ఆ పాత జిల్లాలోనే పిన్నాపురమున పగటి విద్యుత్తుతో నీటిని మీది జలాశయమునకు తోడి, రాత్రివేళ క్రిందికి విడిచి టర్బైన్లను త్రిప్పు 1680 మెగావాట్ల పథకము తలపెట్టబడినది. తోడుటకు పట్టిన శక్తిలో నాలుగైదింట నొకవంతు దారిలోనే పోవును. అయినను తక్కినది వలసిన గడియకు చేతికందుట గొప్ప మేలు.

యంత్రముల సంగతి ఇంతవరకు చక్కగనే యున్నది. చిక్కెల్ల పంపకమున నున్నది.

2019లో రాష్ట్రప్రభుత్వము గాలి, సౌర విద్యుత్తుల కొనుగోలు ఒప్పందములను తిరుగదోడినపుడు, యూనిట్ 4 రూపాయల 84 పైసలకు కొనుచున్న గాలికరెంటునకు హైకోర్టు తాత్కాలికముగా 2 రూపాయల 43 పైసలు నిర్ణయించుటయు, 2022 మార్చిలో ధర్మాసనము ఒప్పందపు ధరనే చెల్లింపుమనుటయు అందరెరిగినవే. ఆ వివాదమున కంపెనీల పక్షమున మాటలాడినవారు కలరు, విద్యుత్ పంపిణీసంస్థలగు డిస్కముల పక్షమున కలరు, అప్పులిచ్చిన బ్యాంకుల గోడు వినిపించినవారును కలరు. ఎవని చేని గట్టున ఆ మర తిరుగుచున్నదో వాని ఊసు మాత్రము వినబడలేదు. వానికి దక్కునది కౌలు, లేక ఒకమారు పుచ్చుకొన్న భూమిధర, అంతటితో సరి. అదియు భూమిగలవానికే. భూమిలేని కూలి మాత్రము పంటలైన పిమ్మట ఎప్పటివలెనే పిల్లలతో, వంటపాత్రలతో గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవుచున్నాడు.

ఇంతకంటె విడ్డూరము మరియొకటి. వ్యవసాయపు బోర్లకు పగటివేళ తొమ్మిది గంటల ఉచితవిద్యుత్తు నిచ్చుటకై 2021 డిసెంబరులో రాష్ట్రము కేంద్రసంస్థ సెకీతో యూనిట్ 2 రూపాయల 49 పైసల వంతున 7,000 మెగావాట్లకు ఒప్పందము చేసికొన్నది. ఆ విద్యుత్తు పుట్టవలసినది రాజస్థానములో! ధర చౌకయని చెప్పినవారి వాదమును త్రోసివేయను. కాని వందలకొలది మైళ్ల తీగల ఖర్చును, దారిలో పోవు విద్యుత్తును, ఇచటి యువకులకు దక్కని పనులను ఆ చౌకలో ఎవరు లెక్కించిరి? ఎమ్మిగనూరు రైతు బోరు నడుచుటకు ఎడారి యెండ కావలసివచ్చుట, గాలియు ఎండయు పుష్కలముగా గల సీమకు తగినదని నేననుకొనను.

మార్గము లేకపోలేదు, అది మన ఊళ్లకు క్రొత్తయు కాదు. మగ్గముల నమ్ముకొని అప్పులపాలగుచున్న నేతవారిని కూడగట్టి మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరున సహకారసంఘము స్థాపించెను. నూలు ఒకరిది, నేత ఒకరిది, లాభము వేరొకరిది యగు పద్ధతికి బదులు నేసినవాడే వాటాదారుడాయెను. సరిగా ఇట్టి పనియే డెన్మార్కువారు గాలివిషయమున చేసిరి. కోపెన్‌హేగన్ తీరమున 2000 సంవత్సరమున నెలకొల్పిన 20 మరలలో సగము, ఎనిమిదివేలకు పైబడిన సామాన్య సభ్యులుగల సహకారసంఘము సొత్తు. 2009 నుండి కొంతకాలము, క్రొత్త గాలిమరలలో ఐదవవంతు వాటాను సమీపవాసులకు ముందుగ ఇవ్వజూపవలెనని అచట శాసనమే యుండెను.

ఒక్కొక్క మరకు కోట్లు కావలెను, పల్లెలవారికి అంత మూలధనమెక్కడిదని ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. ఐతే చిన్నదారి యొకటి ఇప్పటికే తెరచియున్నది. కేంద్రప్రభుత్వపు 2019నాటి కుసుమ్ పథకము క్రింద సబ్‌స్టేషనుకు దాపున బీడుభూమిగల రైతులు, సహకారసంఘములు, పంచాయతులు రెండు మెగావాట్ల వరకు సౌరకేంద్రము పెట్టి డిస్కమునకు అమ్మవచ్చును. ఆదోని, ఆలూరు ప్రాంతములలో బీడుకేమి కొదవ? ఆ సబ్‌స్టేషను క్రింది బోర్లకే ఆ కరెంటు చేరును. తీగలలో పోవు నష్టమును తగ్గును. అప్పునకు పూచీపడు వ్యవస్థయు, లెక్కలు వ్రాయనేర్చిన నలుగురు యువకులును ఉన్నచో సంఘము నడచును. పెద్ద మరల విషయమున మాత్రము శాసనము తోడు కావలసినదే.

2024 అక్టోబరులో ప్రకటించిన రాష్ట్ర సమగ్ర స్వచ్ఛశక్తి విధానము 160 గిగావాట్లను లక్ష్యముగా పెట్టుకొన్నది. అందులో పెద్దవంతు రాయలసీమ మెట్టలమీదనే నిలువవలసియుండును. కావున క్రొత్త ఒప్పందములపై సంతకములు పడకమునుపే, ప్రతి గాలిమర కేంద్రమునందును, సౌరపార్కునందును ఐదవవంతు వాటాను ఆ గ్రామసంఘమునకు ముందుగ ఇవ్వజూపవలెనను నిబంధన నొకదానిని ఆ విధానమున చేర్పించుటకు ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ శాసనసభ్యులు పార్టీభేదము మరచి సభలో పట్టుపట్టవలెను.